దూరపు విపత్తు - వాకిటి దుఃఖితుడు

ధర్మమునకు మొదలు దయయే యని బసవేశ్వరుడు బోధించెనని వీరశైవ గృహములలో పిల్లలు సైతము చెప్పగలరు. ఆ దయకు పాత్రుడెవడు అని అడిగినచో మాత్రము పెద్దలు కూడ తడబడుదురు. ఆకలిగొన్నవాడు ఎదుట నిలిచినపుడు సందేహము లేదు. వందల మైళ్ళ దూరమున నేల కంపించి ఊళ్ళకు ఊళ్ళు కూలినవని వార్త వచ్చినపుడును సందేహము లేదు. చేతనైనంత ధనము పంపుదురు. ఈ ఇరువురికి నడుమ మూడవవాడొకడు కలడు. అతని ఊరు అక్కడ కూలినది. అతడు ఇక్కడ వాకిట నిలిచియున్నాడు. ఒంటిమీద గాయము లేదు. రెండు పూటల తిండి కలదు. నెల తిరుగునప్పటికి కూలి చేతికి వచ్చుచున్నది. అతడు ఆపన్నుడా, కాడా? అతని యెడల ఇరుగుపొరుగువారికి గల ధర్మమెట్టిది? ఈ ప్రశ్న తర్కగ్రంథములలో తేలునది కాదు. భూమి కంపించిన ప్రతి పర్యాయము ఎక్కడనో ఒక వీధిలో, ఒక రాత్రిలో, తేల్చవలసిన ప్రశ్న.

2015వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేది, శనివారము, నేపాలు గడియారములు 11 గంటల 56 నిమిషములు చూపు వేళ ఆ దేశమున 7.8 పరిమాణము గల భూకంపము వచ్చెను. దాని కేంద్రము గోర్ఖా జిల్లాలోని బార్పాక్ గ్రామ ప్రాంతము. సుమారు 9,000 మంది మృతి చెందిరి. దాదాపు 5 లక్షల ఇండ్లు కూలిపోయెను. కాఠ్మాండు నగరమున ధరహరా బురుజు నేలమట్టమయ్యెను. మృతుల సంఖ్య సింధుపాల్చోక్ జిల్లాలో అన్నిటికంటె అధికము. నేపాలున శనివారము సెలవు దినము. ఆ వేళ బడులలో పిల్లలు లేకుండుట వలన ఎన్నో ప్రాణములు దక్కినవి. పదునేడు దినముల పిదప, మే 12న, 7.3 పరిమాణముతో నేల మరల కంపించి, మిగిలియున్న గోడలను కూడ పడగొట్టెను. పశుపతినాథుని క్షేత్రమగుటచే నేపాలు శైవులందరకు పూజ్యభూమి. భక్తపురమున కాశీ జంగమవాడి మఠ పరంపరకు చెందిన జంగమ మఠము సైతము కలదు. కావున అచటి విపత్తు వీరశైవులకు పేరును ఊరును ఎరుగని దేశపు విపత్తు కాదు.

ఇట్టి సమయములలో విరాళముల సేకరణ చురుకుగ సాగును. పిల్లలు డబ్బాలు పట్టి తిరుగుదురు. వర్తకులు దుప్పట్లను మూటలు కట్టించి పంపుదురు. పత్రికలు దాతల పేర్లు అచ్చొత్తును. ఇది మంచి పనియే, దీనిని చిన్నబుచ్చుట తగదు. కాని ఒక విషయమును గమనింపవలసియున్నది. డబ్బా పట్టిన పిల్లవాని వీధిలోనే రాత్రివేళ ఈల వేయుచు, లాఠీతో కరెంటు స్తంభమును తట్టుచు తిరుగు మనుజుడొకడు కలడు. వీధివారందరు అతనిని గూర్ఖా యనియే పిలుతురు. భూకంప కేంద్రమైన జిల్లా పేరును అతని పిలుపును ఒక్కటే! గోర్ఖా యను చిన్న రాజ్యమునుండి బయలుదేరి పదునెనిమిదవ శతాబ్దిలో పృథ్వీనారాయణ షా నేపాలును ఏకము చేసెను. 1815 నుండి ఆంగ్లేయులు ఆ కొండల యోధులను తమ సేనలో చేర్చుకొని ఆ పేరును లోకమంతట వ్యాపింపజేసిరి. సేనలోనుండి అది కాపలా కొలువునకు దిగి, తుదకు తెలుగు వీధులకు చేరెను. పేరు నిలిచినది, అర్థము మరుగున పడినది. పదేండ్లుగా గూర్ఖా యని పిలుచుచున్న గృహస్థు, గోర్ఖాలో భూకంపమను వార్తను చదివి, అయ్యో యని నిట్టూర్చి, కాగితము మడచి పెట్టి, ఆ రాత్రి ఈల వినబడినపుడు ప్రక్కకు తిరిగి పండుకొనుట సంభవమే. అతడు కఠినుడు కాడు. వాకిట తిరుగువానికి ఒక ఊరు, ఆ ఊరిలో ఒక ఇల్లు, ఆ ఇంటిలో ఒక తల్లి ఉందురను సంగతి అతని తలపునకు రాలేదు, అంతియే.

తలపునకు వచ్చినవాడు సైతము వేరొక పొరపాటున పడవచ్చును. తెలుగునాట గూర్ఖాలనబడువారందరు గోర్ఖా జిల్లావారు కారు. భారతదేశమునకు కూలికి వచ్చు నేపాలీయులలో అధికులు ఆ దేశపు పడమటి కొండలవారు. అఛాం, బఝాంగ్, డోటీ, దైలేఖ్ మొదలగు జిల్లాలు వారి స్వస్థలములు. 2015 నాటి భూకంపము గోర్ఖానుండి తూర్పుగా సాగినది. పడమటి జిల్లాలలో దాని నష్టము స్వల్పము. వాకిటనున్నవాని ఇల్లు చెక్కు చెదరక నిలిచియుండవచ్చును. అట్టివానికి పదిమంది కూడి కన్నీటితో విరాళమందించినచో అతడేమి చేయవలెను? వలదన్న దాతలకు కోపము, పుచ్చుకొన్న తనకు సిగ్గు. బొంబాయిలో తెలంగాణమునుండి పోయిన కూలీలను ఒకప్పుడు కామాఠీలనిరి. కామాఠీపుర అను పేటకు ఆ పేరు అట్లు వచ్చినదే. ఉత్తరాదివారు వింధ్యకు దక్షిణమున పుట్టిన ప్రతివానిని మద్రాసీ యందురు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు, పాలమూరు కూలివానిని పట్టుకొని, నీ ఇల్లు కొట్టుకొనిపోయినదా యని పరరాష్ట్రమువాడు విచారించినచో, ఆ విచారమునకు సంతోషింపవలెనో, అజ్ఞానమునకు నవ్వవలెనో తెలియదు. నేపాలీయునికి ఆ ఇబ్బంది ఏటేట కలదు.

కావున మొదటి ఉపకారము ధనము కాదు, ప్రశ్న. "ఏమయ్యా, మీది ఏ జిల్లా? ఇంటివద్ద అందరు క్షేమముగ నున్నారా?" ఈ రెండు మాటలకు ఖర్చు లేదు. అయినను ఇవి ఎంత అరుదో చూడుడు. ఏదేని నగరమున నేపాలీ పనివాడొకడు దొంగతనము చేసెనని వార్త వచ్చిన మరునాడు, ఆ నగరమందలి ప్రతి అపార్టుమెంటులోను కాపలాదారుని పిలిచి, నీ జిల్లా ఏది, గుర్తింపు కాగితమేది, నీకు పూచీ ఎవరు అని అడుగుదురు. ఒకని నేరము జాతి యందరికిని పంచబడును. నేల కంపించి వేలమంది మరణించిన మరునాడు ఆ ప్రశ్ననే అడుగువారు కనబడరు. నేరమును పంచునపుడు వారందరు ఒక్కటే యని తలచినవారు, దుఃఖమును పంచుకొనవలసి వచ్చినపుడు ఎవరి దుఃఖము వారిదే యనుట న్యాయమగునా? అడుగు మాటలు రెండు సమయములందును అవియే, జిల్లా ఏది, వెనుక ఎవరున్నారు అని. అడుగువాని మనస్సును బట్టి అది విచారణ యగును, లేదా పరామర్శ యగును.

వార్తాపత్రిక కొలత వేరు, వాకిటివాని కొలత వేరు. 2022 నవంబరు 9న డోటీ జిల్లాలో భూకంపము వచ్చి ఆరుగురు మరణించిరి. ఢిల్లీలో మంచములు కదలినవని అచటి పత్రికలలో కొంత అలజడి కలిగెను. దక్షిణాదిన అది ఒక మూలనున్న వార్త. 2023 నవంబరు 3న రాత్రి, నేపాలు కాలమానము ప్రకారము 11 గంటల 47 నిమిషములకు, జాజర్‌కోట్ జిల్లాలో నేల కంపించెను. జాజర్‌కోట్, పశ్చిమ రుకుం జిల్లాలలో 150 మందికి పైగా మరణించిరి. నిద్రలో నున్నవారిపై రాతికి మన్ను పెట్టి కట్టిన గోడలు కూలెను, చనిపోయినవారిలో పిల్లలనేకులు. వెంటనే చలికాలము వచ్చి, కూలిన ఇండ్లవారు టార్పాలిన్ల క్రింద వణకిరి. 2015 తో పోల్చిన ఇది చిన్న విపత్తు. విరాళముల డబ్బాలు వీధులలో కనబడలేదు. కాని తెలుగు పట్టణములలో ఈలలు వేయుచు తిరుగువారి కొండలు ఈ పడమటి కొండలే. నేపాలు గడియారము భారత గడియారముకంటె పావుగంట ముందు. జాజర్‌కోట్‌లో గోడలు కూలిన వేళ ఇక్కడ రాత్రి 11 గంటల 32 నిమిషములు. సరిగా కాపలాదారులు గస్తీకి బయలుదేరిన వేళ. వీధి యంతయు నిద్రించుచుండగా, ఒక చేత లాఠీ, ఒక చేత సెల్‌ఫోను పట్టుకొని, అవతల మ్రోగని ఇంటికి మరల మరల పిలుపు చేసినవాడెవడైన నున్నచో, అతని స్థితి ఎవరి కంటను పడియుండును?

పెద్ద విపత్తునందు తనవారు క్షేమముగ నుండుటయు, చిన్న విపత్తునందు తనవారు పోవుటయు జరుగును. కొడుకు పోయిన తల్లికి ఆనాటి మొత్తపు సంఖ్యతో పని లేదు.

ఈ అనుభవము వీరశైవులకు క్రొత్త కాదు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషములకు లాతూరు, నాటి ఉస్మానాబాదు జిల్లాలలో భూకంపము వచ్చి కిల్లారి, సాస్తూరు మొదలగు గ్రామములు నేలమట్టమయ్యెను. ముందటి రాత్రి గణపతి నిమజ్జనము చేసి, ప్రొద్దుపోయిన పిదప పండుకొన్న జనము వేలకొలదిగ శిథిలముల క్రింద పడెను. అక్కడను కూల్చినవి రాతికి మన్ను పెట్టి కట్టిన లావు గోడలే. లింగాయతులు పెక్కుమంది గల సీమ అది. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిదే. బీదరు, జహీరాబాదు, హైదరాబాదులలోని కుటుంబములకు ఆ వైపు ఆడపడుచులు, మేనమామలు, వియ్యంకులు ఉండిరి. ఆనాడు టెలిఫోను కలియక, బస్సు దొరకక, రేడియో ముందు కూర్చుండి ఊళ్ళ పేర్ల కొరకు చెవియొగ్గినవారికి, కొలువులో కూర్చుండి ఎదుటి కాగితమున అక్షరములు కనబడనివారికి, దూరమున నున్నవాని వేదన ఎట్టిదో చెప్పనక్కర లేదు. అక్కడ నున్నవాడు చేతులతో రాళ్ళు తొలగించును. తొలగించుటలో దుఃఖమునకు ఒక త్రోవ దొరకును. దూరమున నున్నవానికి చేతులు ఖాళీ. తాను అచట లేకుండుట అతనికి ఒక నేరము వలె తోచును. ప్రాణము దక్కినందుకు సిగ్గుపడువాడు సురక్షితుడెట్లగును?

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. మానవులందరు సమానులని శరణులు చెప్పిరి కదా! ఆపద ఎక్కడ అధికమో అక్కడికి ధనమును సేవను పోవలెను. గుడారము క్రింద చలికి వణకు పసిబిడ్డను విడిచి, నగరమున జీతము తీసికొనుచున్న కాపలాదారుని ఓదార్చుట యనగా, కన్నులకు కనబడువాడే మనుజుడు, కనబడనివాడు కాడు అనుట కాదా? తన వాకిటివాడని, తన వీధివాడని పక్షపాతము చూపుట, తన కులమువాడని చూపు పక్షపాతమునకు చెల్లెలు కాదా?

ఆక్షేపణలో సత్యము కలదు. ధనము విషయమున అది చాల వరకు చెల్లును. ఒక రూపాయి ఎక్కడ ఎక్కువ ప్రాణము నిలుపునో అక్కడికి పోవుటయే న్యాయము. కాని మనుజుడు మనుజునికి ఈయవలసినదంతయు ధనరూపముననే ఉండదు. గుడారమును హైదరాబాదువాడు పంపవచ్చును, టోక్యోవాడు పంపవచ్చును. ఎవడు పంపినను గుడారము గుడారమే. కాపలాదారునికి పదునైదు దినముల సెలవును మాత్రము టోక్యోవాడు ఈయలేడు, నేపాలు ప్రభుత్వము ఈయలేదు, ఐక్యరాజ్యసమితి ఈయలేదు. ఆ అపార్టుమెంటువారే ఈయవలెను. వారు ఈయనిచో లోకమున మరియొకడు ఈయగలవాడు లేడు. దూరపు బిడ్డకు సహాయకులు వేలమంది. ఈ ఒక్కనికి సహాయకులు ఈ ముప్పది ఇండ్లవారే. అందరును చేయగల పనిని అందరితో కలిసి చేయుటయు, తాను తప్ప ఇతరులు చేయజాలని పనిని తాను చేయుటయు ఒకదానికొకటి అడ్డు రావు. మొదటిదానికి డబ్బు, రెండవదానికి ఎదుటివాని ముఖము చూచు తీరిక కావలెను. పక్షపాతమనగా ఒకనికి చెల్లవలసినది మరియొకనికి ఇచ్చుట. సెలవు ఎవనికి చెల్లవలసియున్నదో వానికే ఇచ్చుచున్నపుడు పక్షపాతమెక్కడిది?

సెలవు అనునది వినుటకు చిన్న మాట. దాని లోతు చూడుడు. 1950 జూలై 31న భారత నేపాలు దేశముల నడుమ కుదిరిన సంధిలో ఏడవ అధికరణము ఇరుదేశముల ప్రజలకు పరస్పరము నివసించుటకు, వ్యాపారము చేయుటకు, స్వేచ్ఛగ తిరుగుటకు వీలు కల్పించెను. అందుచే నేపాలీయుడు పాస్‌పోర్టు లేకయే వచ్చును, పోవును. రాకకు అడ్డు లేనట్లే, వచ్చినవానికి లెక్కయు లేదు. చాలమందికి నియామక పత్రము లేదు, సెలవు చీటి లేదు. వీధి గస్తీవానికి యజమానియే లేడు. నెల మొదట ఇంటింటికి వచ్చి కొద్ది రూపాయల చొప్పున పోగుచేసికొనును. పది దినములు కనబడకున్న ఆ వీధి వేరొకనిది యగును. జాజర్‌కోట్ చేరుటకు రైలు దిగి, రుపైడిహా వద్ద సరిహద్దు దాటి, నేపాల్‌గంజ్ నుండి సుర్ఖేత్ మీదుగా కొండదారిని పోవలెను. మూడు నాలుగు దినముల ప్రయాణము. పోయి వచ్చుటకే వారము గడచును. తల్లి పోయినదని తెలిసియు మరునాటి రాత్రి ఈల వేయువాడు రాతిగుండెవాడని తలపరాదు. పోయినచో కూడు పోవునని అతని భయము. 2015లో కొన్ని టెలిఫోను సంస్థలు నేపాలునకు చేయు పిలుపులను కొన్ని దినములు ఉచితముగనో, స్థానిక ధరకో ఇచ్చినవి. అది తెలివైన దయ. ఎవనికి ఏది లేక ప్రాణము కొట్టుకొనుచున్నదో గ్రహించి దానినే ఇచ్చిరి.

ఇక పోలేనివాని మాట. నేపాలు కొండలలోని హిందువులలో తల్లి గాని తండ్రి గాని గతించిన కొడుకులు పదుమూడు దినములు వేరుగ కూర్చుండి, ఉప్పు లేని తిండి ఒక్క పూట తిని, ఎవరిని తాకక కర్మ సలుపుదురు. పిదప ఏడాది పాటు తెల్లని వస్త్రములే ధరించుట ఆచారము. ఇప్పుడు దానిని తగ్గించుకొనువారును కలరు. తామాంగులు మొదలైన బౌద్ధులకు లామాల విధి వేరు. మెట్ల క్రింది గదిలో, నీళ్ళ మోటారు ప్రక్కన, మరి ఇద్దరితో కలిసి నివసించువాడు పదుమూడు దినములు వేరుగ ఎక్కడ కూర్చుండును? నీలి చొక్కా తొడుగనిచో జీతము కోయు చోట తెల్లబట్ట ఎట్లు కట్టును? మైల పట్టినవానికి చోటిచ్చుటకు చాల ఇండ్లవారు జంకుదురు. ఇక్కడనే వీరశైవుల గృహములకును మఠములకును ఒక విశేషమైన అవకాశము కలదు. పంచసూతకములను పాటింపని మతము ఇది. మృతసూతకము లింగధారికి లేదు. ఇతరులు జంకు చోట జంకనక్కర లేనివాడు చోటు చూపుటలో ముందుండవలెను కదా! మఠమున ఒక వసారా, ఒక కుళాయి, ఒక పొయ్యి. అంతకు మించి అతడు కోరడు. అయితే చోటిచ్చినవారు, సూతకము మూఢాచారమని అతనికి ఆ పదుమూడు దినములలో బోధింప బూనుట మాత్రము క్రూరత్వమగును. తన మతమును తాను పాటించుటయు, దుఃఖితుని ఆచారమును కాచుటయు రెండును దయలోనివే. బోధకు వేరు దినములు కలవు.

కల్యాణ నగరమును గూర్చి సంప్రదాయము చెప్పు కథలలో ఒక సంగతి తరచు మరచిపోబడును. అచట చేరిన శరణులలో దూరదేశములవారు పెక్కుమంది. మోళిగె మారయ్య కాశ్మీరమునుండి వచ్చి కట్టెలమోపులు మోసెనందురు, ఆదయ్య సౌరాష్ట్రమువాడు, మరుళ శంకరదేవుడు ఆఫ్గను సీమనుండి వచ్చెనని వాడుక. వచ్చినవాని కాయకమును చూచిరే గాని ఊరిని బట్టి వేరుచేయలేదు. జంగమమనగా కదలునది. ఊరు విడిచి తిరుగువాడెల్ల జంగముడే యని పదసామ్యము మీద సిద్ధాంతము కట్టుట శాస్త్రము కాదు. అట్టి చమత్కారములు సభలలో చప్పట్లకు పనికివచ్చును. కాని దాసోహమను మాటకు ఇక్కడ నిజమైన పని కలదు. దానము చేయువాడు పైచేయి వాడు. దాసోహమున చేయి క్రిందుగ నుండును. కాపలాదారుని నడుమ నిలిపి, ఒక కవరు చేతిలో పెట్టి, ఫోటో తీయించి, దానిని పదిమందికి పంపినచో అది ఏ పేరునకు తగునో చెప్పనక్కర లేదు. ఆ ఫోటోలో అతడు ఏడ్వవలెనా, నవ్వవలెనా? దుఃఖమును ప్రదర్శించి కృతజ్ఞత చెల్లింపుమని అడుగుట, అప్పిచ్చి వడ్డీ గుంజుటకంటె మేలైనది కాదు. కొందరు నెలజీతము ముందుగనే ఇచ్చి, దానిని సహాయమందురు. వచ్చు నెలలలో కోసికొందురు. ఇది ముందుజీతమే గాని సహాయము కాదు. ముందుజీతము మంచిదే, దాని పేరుతో దానిని పిలిచిన చాలును.

అతని చేతికే విరాళము ఇచ్చి ఊరికి పంపింపవచ్చునా? ఇది కొంచెము చిక్కైన విషయము. పెద్ద నిధులు రహదారి ఉన్న చోటికి త్వరగ చేరును. కొండమీది ఆ పది గడపల పేటకు దారి ఎరిగినవాడు వాకిటివాడే. ఆ దృష్టితో చూచిన అతనికంటె మంచి దూత లేడు. కాని ధనముతో పాటు లెక్కల భారము కూడ అతని తలపై పడును. ఎంత చేరినది, ఎవరికిచ్చితివి, రసీదేది యని నెల దినముల తరువాత అడుగుటకు ఒకడు తప్పక బయలుదేరును. ఊరిలో అందనివారు అతనినే నిందింతురు. కావున ఇచ్చువారు ముందుగనే నిశ్చయించుకొనవలెను: ఇది అతనికే ఇచ్చినది, అతడు ఇంటి కప్పుకే వాడుకొనునో, పొరుగువానికి పంచునో అతని ఇష్టము. అట్లు మనస్సు ఒప్పనిచో నిధికే పంపుట మేలు. సగము నమ్మి ఇచ్చిన ధనము ఇరువురిని చెరచును. ఆ నగరమున నేపాలీయుల సంఘము ఏదేని ఉన్నచో, వారు కూడి శోకసభ జరుపుకొనుటకు కల్యాణమండపమును ఒక సాయంకాలము అద్దె లేక విడుచుట ఇంతకంటె నిరపాయము. పిలిచినచో పోయి వెనుక వరుసలో కూర్చుండవచ్చును.

మిగిలినది వీధి కాపలా. అతడు పోయినచో రాత్రులు ఎవరు తిరుగుదురు? సెలవు నిరాకరించువారు చెప్పు పెద్ద సాకు ఇదియే. దీనికి జవాబు కఠినమేమియు కాదు. ముప్పది ఇండ్లున్న వీధిలో రాత్రికి ఇద్దరి చొప్పున వంతు వేసికొన్న, పదునైదు రాత్రులు ఇంటికి ఒక్క మనుష్యునితో గడచిపోవును. నెల మొదట అతనికి ఈయవలసిన రూపాయలను అట్లే తీసిపెట్టవచ్చును. అతడు చేయు కాయకమును కొన్నాళ్ళు తాము చేసి, కూలి మాత్రము అతనికి చేర్చుట. పింఛను పుచ్చుకొన్నవారికి ఎట్లును నిద్ర తక్కువ. కళాశాల పిల్లలకు రాత్రి మేలుకొనుట వేడుక. మొదటి రాత్రి వీధికుక్కలు వారిపై మొరుగును; అతనిపై మొరుగవు, అతడు వానికి రొట్టెముక్క వేయును. రెండు గంటల వేళ చలి ఎముకలను తాకును. పగలు స్కూటరుపై రెండు నిమిషములలో దాటు వీధి, నడచినపుడు ఎంత పొడవో తెలియును. ఏ ఇంటి దీపము రాత్రంతయు వెలుగుచుండునో, ఏ ఇంటి ముసలాయన దగ్గుచుండునో, ఇన్నాళ్ళు అతడొక్కడే ఎరిగిన సంగతులు వంతు తిరుగువారికి తెలియవచ్చును. నాలుగవ రాత్రియో, ఐదవ రాత్రియో, ఫోను మ్రోగి, అటునుండి అతడు తాను ఊరు చేరితినని చెప్పి, గేటు ప్రక్కన గోడ సందులో తన రెండవ లాఠీ ఉన్నదని, పెద్దలాయన చేతికి అది తేలికగ నుండునని చెప్పవచ్చును.